రెండు జతల చెవులు

సెట్టులోంచి సన్నని ఈల వస్తున్నట్టు మొదటిసారి వినిపించినప్పుడు కిషన్ రావు భయపడలేదు. పైగా సంతోషించాడు. తప్పు ఎక్కడుందో దొరికితే సంతోషించే వృత్తి అతనిది.

నారాయణగూడ చౌరస్తా దాటి లోపలికి తిరిగే ఒక సందులో, జిరాక్స్ దుకాణం పై అంతస్తులో, అతనికీ యశ్వంత్‌కూ కలిపి చిన్న వర్క్‌షాపు ఉండేది. కాలేజీ ల్యాబులకూ, రేడియోలు టీవీలు బాగుచేసేవాళ్ళకూ కావలసిన పరీక్ష పరికరాలు అక్కడ తయారయ్యేవి. బయట తిరిగి ఆర్డర్లు తెచ్చేదీ, సామాను కొనేదీ యశ్వంత్. లోపల కూర్చుని సెట్టు కట్టేది కిషన్ రావు. ఇద్దరూ చిక్కడపల్లిలో ఒకే గల్లీలో పెరిగినవాళ్ళు, బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. కిషన్ రావుకు నలుగురిలో మాట్లాడటం రాదు. యశ్వంత్‌కు ఒంటరిగా ఉండటం రాదు. ఒకరి లోటు ఒకరికి అక్కరకొచ్చి, నలభై దాటేదాకా ఆ స్నేహం చెక్కుచెదరలేదు.

తొంభై ఆరులో వాళ్ళకు కొత్తరకం పని దొరికింది. చెవుడు ఉన్నవాళ్ళు పెట్టుకునే వినికిడి మిషన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్ట్ సెట్లు. దోమలగూడలో చెవుల ఆస్పత్రి నడుపుతున్న డాక్టర్ నళిని కొన్ని సెట్లు అడిగింది. నచ్చితే తనకు తెలిసిన డాక్టర్లందరికీ చెప్తానంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, సెట్టు చప్పుడు చేయకూడదు. పేషెంటు కూర్చునే గదిలోనే దాన్ని పెడతారు. చెవిలో మిషను పెట్టుకున్న మనిషికి గదిలోని ప్రతి చిన్న చప్పుడూ పెద్దదై వినిపిస్తుంది.

చప్పుడు చేయకుండా ఉండటం సెట్టుకు కష్టమే. లోపల వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి వెనక అరచేతి వెడల్పున ఒక ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. ఫ్యాన్ గాలి మెత్తగా ఉస్సుమంటూ ఉంటే ఇబ్బంది లేదు, మనసు కాసేపట్లో దాన్ని మర్చిపోతుంది. ఈల అలాంటిది కాదు. ఒకసారి విన్నాక మనసు దాన్నే వెతుక్కుంటూ పోతుంది.

ఆ షాపులో మొదటినుంచీ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే సెట్టు మూత బిగించి, ఆన్ చేసి వదిలేసేవాళ్ళు. చల్లటి సెట్టు నిజం చెప్పదని యశ్వంత్ అనేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకరు కళ్ళు మూసుకుని దాని పక్కన కూర్చుని వినేవారు. రెండో మనిషి కిటికీ దగ్గర వీధివైపు తిరిగి నిలబడేవాడు, ముఖం చూసి ఒకరు ఇంకొకరి మాట పట్టుకోకుండా. తర్వాత చోట్లు మార్చుకునేవాళ్ళు. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి నోరు విప్పేవాళ్ళు, 'ఉంది' అనో 'లేదు' అనో. ఇద్దరిలో ఏ ఒక్కరు 'ఉంది' అన్నా మూత విప్పాల్సిందే. ఈ పద్ధతి పెట్టింది యశ్వంతే. “మనిద్దరియి రెండు జతల చెవులురా. ఒక జత మోసం చేసినా ఇంకో జత పట్టుకుంటది” అన్నాడప్పట్లో.

ఆ రోజు ఇద్దరూ ఒకేసారి నోరు విప్పారు.

“ఉంది” అన్నాడు కిషన్ రావు.

“లేదు” అన్నాడు యశ్వంత్.

“గాలి చప్పుడు కిందికెల్లి సన్నగ ఈల లెక్క వస్తున్నది సూడు.”

యశ్వంత్ మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, చాలాసేపు విన్నాడు. “ఏం లేదురా భాయ్. ఉత్త గాలే.”

పద్ధతి ప్రకారం మూత విప్పారు. విప్పగానే లోపలి వేడి పోయింది, వేడితో పాటే ఈల కూడా పోయింది. ఫ్యాన్ హాయిగా తిరుగుతోంది. కిషన్ రావు దాని ముందు చెవి పెట్టి వంగి ఉండిపోయాడు. యశ్వంత్ అతని వీపు మీద చరిచి, “లే, చాయ్ తాగొద్దాం. అది ఏడికి పోతది?” అన్నాడు.

రెండో సెట్టులోనూ ఈల వినిపించింది. మూడోదానిలోనూ వినిపించింది. ప్రతిసారీ కిషన్ రావు 'ఉంది' అన్నాడు, యశ్వంత్ 'లేదు' అన్నాడు, మూత విప్పితే ఏమీ లేదు. ఆఖరికి యశ్వంత్ నవ్వేశాడు. నవ్వులో విసుగు కనపడనివ్వలేదు.

“అన్ని సెట్లు ఒక్కతీర్గ కూస్తున్నయా? జర సోంచాయించు కిషన్. సెట్లేమో అన్నీ వేర్వేరు. వినేటోడు మాత్రం ఒక్కడే. ఖరాబీ ఏడున్నదంటవ్?”

ఆ లెక్కలో తప్పు లేనట్టే ఉంది. సెట్లన్నిటిలో ఉన్నవి ఒకే దుకాణంలో, ఒకే రోజు, యశ్వంత్ కొనుక్కొచ్చిన ఫ్యాన్లే అన్న సంగతి కిషన్ రావుకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. యశ్వంత్ నోటినుంచి ఆ ప్రశ్న రాగానే అతని మనసు ఫ్యాన్లను వదిలిపెట్టి, ఎన్నో ఏళ్ళ కిందట మూసేసిన గదివైపు పరిగెత్తింది.

కిషన్ రావు తల్లికి ఇసుర్రాయి తిరుగుతున్న చప్పుడు వినిపించేది. అతను పదో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది. ఇంట్లో ఇసుర్రాయి లేదు, అంతకు చాలా ముందే ఎవరికో ఇచ్చేశారు. అయినా ఆమె చేస్తున్న పని ఆపి, “పక్కింట్ల ఎవరో ఇసురుతున్నరు, విను” అనేది. మొదట్లో ఇంట్లోవాళ్ళు విన్నారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత నవ్వడం మానేశారు. ఆమెను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోయిన రోజున రిక్షాలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది యశ్వంతే. కిషన్ రావుకు ఆ చెయ్యి పట్టుకునే ధైర్యం లేకపోయింది. ఆమె తిరిగి రాలేదు. ఆ సంగతి ప్రపంచంలో యశ్వంత్‌కు తప్ప ఎవరికీ తెలియకుండా అతను జాగ్రత్తపడ్డాడు. భార్య మనోరమకు కూడా, అమ్మ విషజ్వరంతో పోయిందని చెప్పాడు.

కొన్నాళ్ళు గడిచాక ఆ సంగతి యశ్వంతే ఎత్తాడు. ఇద్దరూ చాయ్ గ్లాసులు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.

“ఒక్క మాటంట, కోపం చెయ్యకు.”

“చెప్పు.”

“అమ్మకు గూడ మొదట్ల గిట్ల సన్నగనే వినొచ్చేది గదరా.”

కిషన్ రావు గ్లాసులోని చాయ్ మీద మీగడ కడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. యశ్వంత్ గొంతులో ప్రేమే ఉంది. అందుకే ఆ మాట లోపలిదాకా పోయింది.

“పరేషాన్ గాకు. ఒకపారి చెవుల డాక్టర్‌కు చూపించు. గంతే.”

నళిని దగ్గరికి పోలేడు కాబట్టి కాచిగూడలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు అన్నీ పరీక్షించి, “ఈ వయసుకు ఇంత మంచి చెవులు నేను చూడలేదండీ” అని భుజం తట్టాడు. కిషన్ రావు ఆ గదిలోంచి చెడ్డ వార్త విన్నవాడిలా బయటికొచ్చాడు. చెవులు పాడైతే బాగుండేది. చెవులు బాగున్నాయంటే, ఈల చెవుల వెనక ఎక్కడో పుడుతోందన్నమాట.

తేల్చుకోవడానికి దారి లేకపోలేదు. సెట్టు ముందు మైకు పెట్టి, దాన్ని స్కోపుకు కలిపితే, చప్పుడు తెర మీద గీతలా కనిపిస్తుంది. ఆ పని చేశాడు కూడా. గీత వణికింది. కానీ స్కోపుకూ వెనక ఒక ఫ్యాన్ ఉంది, పాతది, సెట్టు ఫ్యాన్ కంటే పెద్ద గోల చేసేది. “ఆ కనపడేది స్కోపు ఫ్యానేరా” అన్నాడు యశ్వంత్. అదీ నిజమే కావచ్చు. చప్పుడును కొలిచే పరికరమే చప్పుడు చేస్తుంటే ఏ గీత ఎవరిదో ఎలా చెప్తాం?

పొడుగాటి తీగ వేసి స్కోపును మెట్ల మీదికి జరిపితే సరిపోతుంది. యశ్వంత్ లేని ఒక మధ్యాహ్నం కిషన్ రావు తీగ పరిచాడు. స్కోపును బయట పెట్టాడు. తలుపు దగ్గరికి వేశాడు. మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. తెర మీద గీత కదలకుండా, నీళ్ళలా, చదునుగా నిలబడితే? అప్పుడిక అనుమానం ఉండదు. అనుమానం ఉన్నంతసేపు మనిషికి ఎటో ఒకవైపు ఒరిగే వీలుంటుంది. అతను ఆ వీలును పోగొట్టుకోదలచుకోలేదు. తీగ చుట్టేసి స్కోపును లోపల పెట్టేశాడు. ఇరవై ఏళ్ళుగా పరికరాల మాట తప్ప ఎవరి మాటా నమ్మనివాడు, ఆ రోజు పరికరాన్ని అడగలేకపోయాడు. స్నేహితుడి చెవుల్ని నమ్మడమే తేలికనిపించింది.

“మనోరమ చెల్లెను తోల్కరా” అని యశ్వంతే సలహా ఇచ్చాడు. “ఆమెకు ఈ పని తెల్వదు, సెట్లు తెల్వయి. ఉన్నది ఉన్నట్టు చెప్తది. నీకూ మనసుల తేటగైతది.”

మనోరమ అశోక్ నగర్ ఇంటినుంచి ఆటోలో వచ్చింది. వాళ్ళుండే కిరాయి ఇల్లు కోచింగ్ పిల్లల హాస్టళ్ళ మధ్య ఉండేది. పొద్దస్తమానం పిల్లలు పైకి చదివే గొంతులకు అలవాటుపడ్డ మనిషి, ఆ గదిలో నిశ్శబ్దానికి కొంచెం బెదిరినట్టు కనిపించింది. యశ్వంత్ ఆమెకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. కిషన్ రావు కిందికి దిగి జిరాక్స్ దుకాణంలో చిల్లర మార్చుకుని వచ్చేసరికి ఆమె సెట్టు పక్కన కూర్చుని ఉంది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి వీధివైపు తిరిగి నిలబడ్డాడు. వెనక ఈల స్పష్టంగా వస్తోంది, దారం సూదిలోకి ఎక్కుతున్నట్టు సన్నగా, నిటారుగా.

“ఏమో” అంది మనోరమ. “నాకేం వినొస్తలేదు. ఫ్యాన్ గాలి తప్ప ఏం లేదు.”

ఆమె లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. పరాయి మగవాడి ముందు ఆమె ఎప్పుడూ అలా చేయలేదు.

ఆనాటినుంచి ఆమె తీరు మారింది. పొయ్యిమీది పాలను కనిపెట్టుకుని ఉన్నట్టు అతన్ని కనిపెట్టుకుని ఉండేది. అతను తల పక్కకు తిప్పితే చాలు, గదిలో రేడియో పెట్టేది. అతనికి ఆ చూపు కొత్తది కాదు. ఇంట్లో అందరూ అమ్మను చూసిన చూపే. ఇప్పుడతనికి ఫ్రిజ్‌లో ఈల వినిపిస్తోంది, ట్యూబ్‌లైట్‌లో వినిపిస్తోంది. వినిపిస్తోందో, వినిపిస్తుందేమోనన్న భయం వినిపిస్తోందో తేడా తెలియడం మానేసింది. స్నానం చేస్తూ, నీళ్ళ చప్పుడు నిజమేనా అని ఒకసారి చెంబు పక్కన పెట్టి ఆగి విన్నాడు.

మరునాడు షాపులో అన్నాడు, “ఇగ నువ్వొక్కడివే విను. నా చెవులు లెక్కల లేవు.”

“గట్లంటవేందిరా?”

“నువ్వు లేదంటే లేదు. గంతే.”

యశ్వంత్ అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని నొక్కాడు. కిషన్ రావు కళ్ళు తడిశాయి. తనను మోయడానికి ఒక మనిషున్నాడు అనుకున్నాడు. బడిరోజుల్లో అమ్మను మోసినవాడు, ఇవాళ తనను మోస్తున్నాడు.

డాక్టర్ నళిని సెట్లు చూసుకోవడానికి వచ్చిన రోజు చలి గట్టిగా ఉంది. ఆమె చీర మీద ఉన్ని కోటు వేసుకుంది. పొద్దుటినుంచి ఒక సెట్టు ఆన్‌లోనే ఉంది, బాగా వేడెక్కింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించగానే యశ్వంత్ లేచి సీలింగ్ ఫ్యాన్ వేశాడు. గిర్రున తిప్పి ఆఖరి నంబరులో పెట్టాడు. టేబుల్ మీద కాగితాలు ఎగిరాయి.

“రాన్రి మేడం, కూసోన్రి.”

“ఈ చలిలో ఫ్యానెందుకండీ?” ఆమె కోటు దగ్గరికి లాక్కుంది.

“టంకం పెట్టిన పొగ మేడం. మీకు దగ్గొస్తది. మేమంటే ఈ పొగ తాగే పెరిగినం, మాకేం కాదు.”

ఆమె నవ్వింది. కిషన్ రావు మూలనున్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ పొద్దు ఎవరూ టంకం పెట్టలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసిన సంగతి మనసులో ఒక మూల నిలబడి, లోపలికి పిలుస్తారేమోనని చూసి, వెనక్కి పోయింది. తన ఆలోచనల్ని తనే లోపలికి రానివ్వని స్థితికి అప్పటికి వచ్చేశాడు.

నళిని తన సంచిలోంచి ఒక వినికిడి మిషను తీసి సెట్టుకు తగిలించింది. ముల్లు కదిలింది. ఇంకొకటి తగిలించింది. “చాలా బాగుందండీ” అంది. యశ్వంత్ ఏదో జోకు వేశాడు.

కరెంటు పోయింది.

సీలింగ్ ఫ్యాన్ రెక్కలు మెల్లగా విడిపోయి, ఒక్కొక్కటిగా కనపడి, ఆగిపోయాయి. కింద జిరాక్స్ మిషను ఆగింది. టేబుల్ మీది సెట్టు మాత్రం ఆగలేదు. టెస్టుల మధ్య ఆగకూడదని దానికి బ్యాటరీ పెట్టింది కిషన్ రావే. గదంతా ఖాళీ అయినట్టయింది. ఆ ఖాళీలో ఈల ఒక్కటే, బట్టలు విప్పి నిలబెట్టినట్టు, మిగిలింది.

కిషన్ రావు తల దించుకుని నేల చూస్తున్నాడు. ఈ మధ్య అలవాటైన పనే అది.

“ఈ ఈల ఎక్కడిది?” అంది నళిని.

అతను తల ఎత్తలేదు. ఆ మాట తన లోపలే ఎవరో అన్నారనుకున్నాడు.

“సన్నగా వస్తోంది, వినండి. సెట్టులోంచేనా?” ఆమె వంగి సెట్టు వెనక చెవి పెట్టింది.

రెప్పపాటు, ఒక్క రెప్పపాటు, కిషన్ రావు ఒళ్ళంతా తేలికైపోయింది. ఉంది. బయటే ఉంది. తల్లి దారి తనది కాదు. లేచి నిలబడి ఆ డాక్టరమ్మ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఈలోపలే యశ్వంత్ గొంతు వినిపించింది, తడబాటు లేకుండా, గర్వంగా.

“అదే మేడం! మా కిషన్ రావు మొదటి రోజే పట్టిండు. ఆయన చెవులకెల్లి ఏదీ తప్పిపోదు. సెట్టు వేడైతే బేరింగుల నూనె పల్చబడ్తది, గప్పుడొస్తది గది. ఫ్యాన్లు మార్చే పంపుతం, మీరు ఫికర్ చెయ్యకున్రి.”

నళిని కిషన్ రావు వైపు తిరిగింది. “అలాంటి చెవులున్న మనిషి ఉన్నారనే మీకిచ్చానండీ ఈ పని. మార్చి పంపించండి, తొందరేం లేదు. ఇంకో నెలైనా నేను ఆగుతాను.”

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. యశ్వంత్ ఆమెను ఆటో దాకా సాగనంపి, పైకి వచ్చి కుర్చీలో కూలబడి, గట్టిగా ఊపిరి వదిలాడు.

“బచాయించినవ్ పో దేవుడా. ఆర్డర్ పోయిందే అనుకున్న. ఇగో, ఇన్నవా? నెల ఆగుతదట!” అతని ముఖంలో నిజమైన సంతోషం ఉంది. “నువ్వేందిరా గట్ల కూసున్నవ్? ఖుష్ గావా? నీ చెవులు మంచిగనే ఉన్నయ్.”

“నీకు వినొచ్చేదా?” అన్నాడు కిషన్ రావు.

“ఏంది?”

“మొదటి రోజు. నీకు వినొచ్చిందా?”

యశ్వంత్ జేబులో రుమాలు వెతుక్కున్నాడు. “వినొచ్చింది, వినొచ్చింది. ఏం జెయ్యమంటవ్? ఫ్యాన్లు తెచ్చింది నేను. సస్తగ దొరికినయని అన్నీ ఒక్కతాన పట్టుకొస్తి. ఆడు వాపస్ తీసుకోడు. కొత్తయి బొంబాయి నుంచి రావాలె. డాక్టరమ్మ గన్ని రోజులు ఆగదనుకున్న.”

“నాకు చెప్తే ఏమైతుండె?”

“చెప్తే నువ్వు ఊకుంటవా? ఒక్క సెట్టు గడప దాటనియ్యవు. నీ సంగతి నాకు తెల్వదా?”

“సరే. చెప్పలే. ఉందని నేనంటే లేదన్నవ్. అది గూడ సరే, యాపారం.” కిషన్ రావు గొంతు పెంచలేదు. పెంచడం అతనికి రాదు. “మా అమ్మ సంగతి దాక ఎందుకు పోయినవ్?”

యశ్వంత్ రుమాలు పట్టుకున్న చెయ్యి ఆగింది.

“ఏదో, నోట్లకెల్లి అట్ల వచ్చేసింది కిషన్...”

“అట్ల రాలే. నువ్వు ఆలోచన చేసి, చాయ్ చేతికిచ్చి, కోపం చెయ్యకని చెప్పి మరీ అన్నవ్.”

“నిన్ను ఊకుంచుదామని అన్న. రెండు రోజులు తకరార్ చేసి సప్పుడు జెయ్యవనుకున్న. నువ్వు గింతగనం నమ్ముతవని నాకేం తెల్సు?”

“చెప్పింది నువ్వు గదరా.”

కిషన్ రావు అంతే అన్నాడు. యశ్వంత్ చూపు తిప్పుకున్నాడు. కొంచెంసేపటికి, తనకు తానుగా ఏదో బరువు దించుకోవాలన్నట్టు, “ఇంటికి పోయి చెల్లెను ఏం అనకు. ఆమెది తప్పు లేదు. నేనే చెప్పిన” అన్నాడు.

“ఏం చెప్పినవ్?”

అప్పుడు యశ్వంత్‌కు అర్థమైంది, కిషన్ రావుకు ఆ సంగతి తెలియదని. కానీ మాట నోరు దాటిపోయింది.

కిషన్ రావు బయటికి నడిచాడు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా రోజూ బస్సులో పోయే దారి. ఆ సాయంత్రం నడిచాడు. బస్సు బ్రేకుల కీచు, మిర్చీలు వేగుతున్న నూనె, లైబ్రరీ మెట్ల దగ్గర సైకిల్ స్టాండ్ వేస్తున్న చప్పుడు, కోచింగ్ పిల్లలు ఏదో పరీక్షలో వచ్చిన ప్రశ్న గురించి కొట్లాడుకోవడం, అన్నీ వేటికవి విడివిడిగా వినిపించాయి. ఏదీ తన లోపలినుంచి రావడం లేదు. తన చెవులు తనకు దక్కాయి. దక్కిన సంతోషం చెప్పుకోవడానికి ఈ దారి చివర ఒక మనిషి ఉండాలి. ఉందో లేదో తెలియదు.

ఎప్పుడు మొదలైంది అని వెనక్కి నడిచాడు మనసులో. తను కళ్ళు మూసుకుని వింటుంటే కిటికీ దగ్గర నిలబడి యశ్వంత్ ఏమాలోచించేవాడు? బడిలో, రిక్షాలో, పెళ్ళి పందిట్లో, ఎక్కడెక్కడ 'లేదు' అన్నాడో, అందులో ఎన్నిటికి 'ఉంది' అని అర్థమో? ఒక్క అబద్ధం అయితే క్షమించవచ్చునేమో. కానీ ఒకటి బయటపడ్డాక పాతవన్నీ వరుసలో వచ్చి నిలబడి, మమ్మల్ని కూడా చూడు అంటాయి. నిజమైనవి కూడా వాటి మధ్యలో నిలబడితే నిజాల్లా కనపడవు. చివరికి రిక్షాలో అమ్మ చెయ్యి పట్టుకున్న ఆ చెయ్యి ఎందుకు పట్టుకుందో కూడా ఇప్పుడు కొత్తగా ఆలోచించుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

మనోరమ తలుపు తీసి అతని ముఖం చూసి పక్కకు జరిగింది. “ఏమైంది? గిట్లున్నరేంది?”

“ఆ రోజు నీకు వినొచ్చిందా?”

ఆమె ఏ రోజని అడగలేదు. మంచం అంచు మీద కూర్చుంది.

“వినొచ్చింది” అంది. “దోమ చెవి దగ్గర తిరిగినట్టు.”

“మరి?”

“మీరు కిందికి పోయినప్పుడు యశ్వంత్ అన్న చెప్పిండు. మీ అమ్మగారి సంగతంత చెప్పిండు. ఆమెకు గిట్లనే వినొచ్చేదట, ఇంట్లోళ్ళు మొదట్ల అవునవునంటే ముదిరిపోయిందట. వినొస్తుందని చెప్తే మీకు గూడ గట్లనే అయితదన్నడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. నేనేం జెయ్యాలె?”

“కానీ నీకు వినొచ్చింది. నీ చెవులతోని విన్నవ్.”

“విన్న. ఈ సప్పుడు వేరే, మీకొచ్చే సప్పుడు వేరే అనుకున్న.” ఆమె తల ఎత్తింది. “యశ్వంత్ నాకు అబద్ధం చెప్పడు, చెప్పడు అని పెండ్లయిన కాన్నుంచి చెప్తుంటిరి గద మీరే. ఇంక నాకు అనుమానం ఎట్లొస్తది?”

అతను చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

“మీ అమ్మగారి సంగతి మీరు నాకు చెప్పలే” అంది మనోరమ. “ఇంకో మనిషి నోట విన్న. ఆ రోజు ఆటోల ఒక్కదాన్నే ఏడ్సుకుంట వచ్చిన. మీకు జబ్బని ఏడ్సిన్నో, మీరు చెప్పలేదని ఏడ్సిన్నో నాకే తెల్వదు.”

హాస్టల్ మేడ మీద ఎవరో ఆగి ఆగి ఏదో వల్లె వేస్తున్నారు. ఇద్దరూ చాలాసేపు దాన్నే విన్నారు. చీకటి పడుతోంది. మనోరమ లేచి లైటు వేసింది, కళ్ళు తుడుచుకుంది.

“ఇగ మీకెప్పుడు అబద్ధం చెప్ప. మీ మీద ఒట్టు. లేన్రి, కాళ్ళు కడుక్కోన్రి, తిందురు.”

“ఏం కూర?” అన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అన్నాడు.

“బీరకాయ.”

అతను లేచి కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు. పీట మీద కూర్చోవలసినవాడు, స్టవ్ దగ్గరికి నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో స్టవ్ దాకా వెళ్ళేవరకు అతనికీ తెలియదు. గిన్నె మీద మూత ఎత్తి చూశాడు. బీరకాయే. ఆవిరి ముఖానికి కొట్టింది. మూత మెల్లగా మళ్ళీ పెట్టి వెనక్కి తిరిగేసరికి మనోరమ కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చూసింది.

ఆమె కంచం కింద పెట్టి, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

“చారు ఆ చిన్న గిన్నెల ఉన్నది” అంది. “అది గూడ తీసి చూసుకోన్రి.”

ఎత్తిపొడుపు కాదు. చూసుకోవడం అతనికి అవసరమని తెలిసే చెప్పింది. అతను ఆ మూత కూడా తీశాడు.